విప్పేది ఇంట్లో, నొక్కేది ప్రెస్‌లో, బిగించేది బరువు మీద

అనంతగిరి ఘాట్ దిగి శృంగవరపుకోట చేరేసరికి ముందు చక్రం దగ్గర ఒక చప్పుడు మొదలవుతుంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే ‘టక్’, దిగితే ఇంకో ‘టక్’. కొత్తవలస దాటి పెందుర్తి వచ్చేలోపు అది చెవికి అలవాటైపోతుంది కూడా. మర్నాడు మెకానిక్‌కి చూపిస్తే చక్రం పక్కన గొంతుక్కూర్చుని, ఇనుప కడ్డీతో ఒకసారి ఎత్తి చూసి, “బుష్షులు పోయాయండి” అంటాడు. అరకు, పాడేరు, లంబసింగి దారుల్లో ఫోర్ బై ఫోర్ బండి తిప్పే ప్రతి విశాఖవాసీ ఏదో ఒక రోజు వినే మాట ఇది.

వెంటనే వచ్చే ప్రశ్న: వీటిని ఇంట్లోనే మార్చుకోవచ్చా? దీనికి రెండు జవాబులు వినిపిస్తాయి. పానాల సెట్టూ, జాకీ ఉంటే చాలు, ఆదివారం ఒక పూటలో అయిపోతుందని కొందరంటారు. కంపెనీ వర్క్‌షాపులో తప్ప ఎక్కడా ముట్టుకోనివ్వకండని ఇంకొందరంటారు. రెండింటిలోనూ సగమే నిజం. ఈ పని ఒకటి కాదు, మూడు. విప్పడం ఒకటి, పాత బుష్ తీసి కొత్తది నొక్కడం ఒకటి, తిరిగి బిగించడం ఒకటి. మొదటిదీ చివరిదీ ఓపిక ఉన్నవాడు ఇంట్లో చక్కగా చేసుకోగలడు. మధ్యది ప్రెస్ ఉన్న చోట చేయించుకోవడమే మేలు. చివరిదాంట్లో ఒక్క నియమం తప్పితే మిగతా శ్రమంతా దండగ. ఈ మాటలు ఎందుకంటున్నానో ఒక్కొక్కటే విప్పి చూద్దాం.

ఉక్కుకూ రబ్బరుకూ ముడి

బుష్ చూడటానికి చిన్న వస్తువు. బయట ఒక ఉక్కు గొట్టం, లోపల ఇంకో సన్నని ఉక్కు గొట్టం, రెండింటి మధ్యన రబ్బరు. బయటి గొట్టం, చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే ఆర్మ్ కన్నంలో గట్టిగా దిగి ఉంటుంది. లోపలి గొట్టం గుండా బోల్టు దూరి, ఛాసిస్ బ్రాకెట్‌కు బిగుసుకుంటుంది. చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడు ఆర్మ్ ఊగాలి కదా, ఆ ఊగడమంతా ఈ రబ్బరులోనే జరుగుతుంది.

ఇక్కడే చాలామంది పొరపడతారు. బుష్ అంటే బేరింగ్ లాగా లోపల ఏదో తిరుగుతుందనుకుంటారు. మామూలు రబ్బరు బుష్‌లో ఏదీ తిరగదు, ఏదీ జారదు. లోపలి గొట్టం బోల్టుతో పాటు ఛాసిస్‌కు కదలకుండా ఉంటుంది, బయటి గొట్టం ఆర్మ్‌తో పాటు కదులుతుంది, మధ్య రబ్బరు తడిబట్ట పిండినట్టు మెలిపడుతుంది, మళ్లీ విప్పుకుంటుంది. అంటే బుష్ కూడా ఒక స్ప్రింగే. ఈ ఒక్క సంగతి మనసులో నాటుకుంటే మిగతా పనిలో ఏది ఎందుకు చేయాలో దానంతట అదే అర్థమవుతుంది.

పూర్వపు జీపుల్లో ఈ ఏర్పాటు లేదు. రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపుల్లోనూ, ఆ నమూనా మీద మన దేశంలో మహీంద్రా తయారు చేసిన తొలి జీపుల్లోనూ కమాన్ కట్టల చివర మరలున్న ఇనుప బుష్షులు ఉండేవి. వాటికి గ్రీజు గన్‌తో తరచూ గ్రీజు కొట్టాల్సిందే. ఒక వారం మరిస్తే కిర్రుమనేవి, ఏడాది మరిస్తే అరిగిపోయేవి. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకంతో రబ్బరును వేడి చేసి గట్టిపరిచే పద్ధతి కనిపెట్టాడు. ఆ రబ్బరును ఉక్కుకు విడదీయరానట్టు అతికించే విద్య ఇరవయ్యో శతాబ్దంలో పదును తేరింది. అప్పటి నుంచి గ్రీజు అడగని, చప్పుడు చేయని బుష్ వాడుకలోకి వచ్చింది. మన మెకానిక్‌లు దాన్ని నేటికీ ‘సైలెంట్ బ్లాక్’ అనే పిలుస్తారు. ఆ పేరు అక్షరాలా నిజం. అది మౌనంగా ఉన్నంతకాలం బాగున్నట్టే, నోరు విప్పిందంటే దాని పని అయిపోవచ్చినట్టే.

ఏ బండికి ఎంత పని

ఇంట్లో చేసుకోవచ్చా అన్నది మనిషి నేర్పు మీదే కాదు, బండి అమరిక మీద కూడా ఆధారపడి ఉంటుంది. మన రోడ్ల మీద కనిపించే బండ్లను మూడు రకాలుగా చూడవచ్చు.

మొదటిది కమాన్ కట్టల బండ్లు. 1985లో వచ్చిన మారుతీ జిప్సీకి నాలుగు చక్రాలకూ కమాన్ కట్టలే. 2010 నాటి థార్‌కు వెనక, బొలెరోకు వెనక, మన శ్రీసిటీలో తయారైన ఇసుజు వీ-క్రాస్‌కు వెనక ఇవే ఉంటాయి. కట్ట ముందు కంటిలో ఒక బుష్, వెనక కట్టను ఛాసిస్‌కు తగిలించే షాకిల్ దగ్గర రెండు చోట్ల బుష్షులు. షాకిల్ బుష్షులు చాలా బండ్లలో రెండు ముక్కల రబ్బరువే కాబట్టి చేత్తో లాగితే వస్తాయి, సబ్బు నీళ్లు రాసి నెడితే దిగుతాయి. కొత్తగా మొదలుపెట్టేవారికి ఇదే బడి. ముందు కంటిలోని ఉక్కు గొట్టం బుష్ మాత్రం గట్టిది.

రెండోది గట్టి యాక్సిల్, కాయిల్ స్ప్రింగ్ బండ్లు. 2023లో మన మార్కెట్‌లోకి వచ్చిన జిమ్నీకి ముందూ వెనకా ఇదే పద్ధతి. యాక్సిల్‌ను పొడవాటి ఆర్మ్‌లు ముందుకు, వెనక్కు జరగకుండా పట్టుకుంటాయి. పక్కకు జరగకుండా పాన్‌హార్డ్ రాడ్ అనే అడ్డ కడ్డీ ఆపుతుంది. ఈ అడ్డ కడ్డీ బుష్షులు మార్చడం తేలిక. రెండు బోల్టులు విప్పితే కడ్డీ చేతికొస్తుంది. స్టీరింగ్ ఒక వేగంలో గజగజ వణికే జబ్బుకు కారణాలు చాలా ఉండవచ్చు గానీ, ముందుగా చూడాల్సిన చోట్లలో ఈ కడ్డీ బుష్షులు ఒకటి.

మూడోది ముందు చక్రాలకు విష్‌బోన్ ఆర్మ్‌లున్న బండ్లు. 2020 థార్, స్కార్పియో, ఫార్చ్యూనర్ ఈ కోవలోవి. ఒక్కో పక్క పై ఆర్మ్‌కు రెండు, కింది ఆర్మ్‌కు రెండు బుష్షులు. కింది ఆర్మ్ విప్పాలంటే బాల్ జాయింట్ విడదీయాలి, స్ప్రింగ్ భారం తప్పించాలి, కొన్నిటికి యాక్సిల్ షాఫ్ట్ కూడా అడ్డు తగులుతుంది. 2010 నాటి కొన్ని థార్ల లాంటి బండ్లలో ముందు పక్క కాయిల్ బదులు టార్షన్ బార్ ఉంటుంది. ఆ పొడవాటి కడ్డీ మెలితిరిగిన బిగువు మీదే బండి నిలబడి ఉంటుంది. బిగువు దించకుండా కింది ఆర్మ్ విప్పడమంటే సాగదీసిన విల్లు ముందు ముఖం పెట్టడమే. అడ్జస్టర్ బోల్టు ఎన్ని మరలు బయటికి ఉందో కొలిచి రాసుకుని, ముందు దాన్ని పూర్తిగా వదులు చేయాలి. కాయిల్ స్ప్రింగ్‌ను కంప్రెసర్‌తో నొక్కి విప్పాల్సిన పని మొదటిసారి చేసేవారు పెట్టుకోకపోవడమే మంచిది.

ముందు నిర్ధారణ

చప్పుడు వచ్చిన ప్రతిసారీ దోషం బుష్‌దే కాదు. బాల్ జాయింట్, లింక్ రాడ్, షాక్ అబ్జార్బర్ మౌంటు, స్టీరింగ్ ఎండ్, ఆఖరికి వదులైన చక్రం బేరింగ్ కూడా ఇంచుమించు అలాగే శబ్దం చేస్తాయి. కాబట్టి బుష్షులు కొనే ముందు అరగంట పరీక్షకు కేటాయించాలి.

మొదట కంటితో చూడాలి. టార్చిలైటు వేసి రబ్బరు అంచు చూస్తే, పైపై సన్నని గీతలు వయసు గుర్తులే, కంగారు అక్కర్లేదు. రబ్బరు ఉక్కు గొట్టం నుంచి ఊడి ఖాళీ కనిపించినా, లోపలి గొట్టం మధ్యలో ఉండాల్సింది ఒక పక్కకు దిగిపోయినా, రబ్బరు ఉబ్బి మెత్తగా బయటికి పొంగినా ఆ బుష్ ఆయువు తీరినట్టే. కొన్ని బుష్షుల్లో రబ్బరు మధ్య అర్ధచంద్రాకారంలో ఖాళీలు తయారీలోనే పెడతారు. వాటిని చిరుగులని పొరపడకూడదు. ఇంకొన్నిటిలో ద్రవం నింపి ఉంటుంది. దాని చుట్టూ నూనె తడి కనిపిస్తే కారుతున్నట్టు లెక్క.

రెండోది కడ్డీ పరీక్ష. ఆర్మ్‌కూ బ్రాకెట్‌కూ మధ్య పొడవాటి కడ్డీ పెట్టి మెల్లగా ఎత్తాలి. మంచి బుష్ కొద్దిగా కదిలి వెంటనే వెనక్కి లాక్కుంటుంది. పోయినది కదిలిన చోటే ఆగిపోతుంది లేదా లోహానికి లోహం తగిలిన చప్పుడు వినిపిస్తుంది. మూడోది రోడ్డు మీద. బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగడం, ఘాట్ మలుపులో స్టీరింగ్ తిప్పిన క్షణం తర్వాత బండి తిరగడం, టైర్లు ఒక అంచునే అరగడం, ఇవన్నీ ఆర్మ్ తన చోటు నుంచి జరుగుతోందనడానికి ఆనవాళ్లు.

ఎన్ని వేల కిలోమీటర్లకు మార్చాలని అడుగుతారు. అలాంటి ఒక్క అంకె చెప్పడం న్యాయం కాదు. బీచ్ రోడ్డు మీద ఆఫీసుకెళ్లి వచ్చే బండీ, బొర్రా నుంచి కటికి జలపాతం దాకా బండరాళ్ల మీద పర్యాటకులను మోసే జీపూ ఒకే లెక్కకు రావు. కిలోమీటర్లు కాదు, రబ్బరు స్థితే ప్రమాణం. అయితే ఒక పక్క పోయిందంటే రెండో పక్కదీ అంతే వయసుది. జతగా మార్చడమే సరి.

విశాఖ గాలిలో ఉప్పు

ఈ పని పుస్తకాల్లో చదివితే ఒకలా ఉంటుంది, మన ఊళ్లో చేస్తే ఇంకోలా ఉంటుంది. కారణం సముద్రం. ఉప్పు గాలి, ఏడాదంతా చెమ్మ, పోర్టు పరిసరాల్లో దుమ్ము కలిసి బోల్టుల మీద పని చేస్తాయి. బుష్ మార్పిడిలో సగం యుద్ధం బుష్‌తో కాదు, దాని గుండా వెళ్లే బోల్టుతో. బోల్టుకూ లోపలి గొట్టానికీ మధ్య తుప్పు చేరి రెండూ ఒకటైపోతాయి.

దీన్ని చేతికే పోల్చుకోవచ్చు. నట్టు తీసేశాక బోల్టు తలను పానాతో తిప్పితే కొంచెం తిరుగుతుంది, వదిలితే రబ్బరు లాగినట్టు వెనక్కి వస్తుంది. అలా వచ్చిందంటే బోల్టు లోపలి గొట్టాన్ని పట్టుకుని ఉంది, మీరు తిప్పుతున్నది రబ్బరునే. అప్పుడు సుత్తితో బాదితే మరలు పాడవుతాయే తప్ప బోల్టు రాదు. తుప్పు వదిలించే ద్రవాన్ని పని మొదలుపెట్టే రోజున కాదు, మూడు నాలుగు రోజుల ముందు నుంచి పూటపూటా కొట్టాలి. అప్పటికీ లొంగకపోతే బ్రాకెట్‌కూ బుష్‌కూ మధ్య సందులో రంపం పెట్టి బోల్టు కోసేయడమే దారి. అందుకే కొత్త బోల్టులు, నట్లు ముందే కొని దగ్గర పెట్టుకోవాలి. తిరిగి బిగించేటప్పుడు బోల్టు నడుముకు, తుప్పుతో బిగుసుకోకుండా చేసే పూత సన్నగా రాస్తే రేపు విప్పేవాడు మీకు దండం పెడతాడు. మరలకు మాత్రం రాయకూడదు, టార్క్ లెక్క తప్పుతుంది.

ఉప్పు గాలికి భయపడి మనవాళ్లు చేసే ఇంకో పని ఉంది. సర్వీసింగుకు వెళ్లినప్పుడు ఛాసిస్ కింద డీజిలో, వాడేసిన ఇంజిన్ ఆయిలో కొట్టించడం. ఉక్కుకు అది కొంత రక్షణే కావచ్చు. రబ్బరుకు మాత్రం విషం. సహజ రబ్బరు ఖనిజ తైలాన్ని పీల్చుకుని ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, ఉక్కును వదిలేస్తుంది. కొత్త బుష్షులు వేయించి, ఆర్నెల్లకే వాటి మీద డీజిల్ చల్లించడం ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడమే. భీమిలి వైపు ఇసుకలో తిరిగొస్తే మంచినీళ్లతో కింద కడిగించండి. తుప్పు నివారణ పూత వేయిస్తే రబ్బరు మీద పడకుండా కప్పించండి. అంతకు మించి రబ్బరుకు ఏమీ అక్కర్లేదు.

జాకీ మీద నమ్మకం వద్దు

బండి కింద దూరే ముందు ఒక మాట గట్టిగా చెప్పాలి. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. ఎత్తిన వెంటనే ఛాసిస్ కింద స్టాండులు పెట్టి, బరువు వాటి మీదికి దించి, చేత్తో బండిని గట్టిగా ఊపి చూశాకే కిందికి వెళ్లాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మలు, రాళ్లు పెట్టకూడదు. అవి పగిలేముందు కిర్రుమని కూడా హెచ్చరించవు. విప్పిన చక్రాన్ని ఛాసిస్ కింద పడుకోబెడితే ఆఖరి అడ్డుగా పనికొస్తుంది. అపార్ట్‌మెంటు సెల్లారు వాలుగా ఉంటే ఆ పని అక్కడ పెట్టుకోవద్దు. మనం కింద ఉన్నంతసేపూ పైన ఒక మనిషి ఉండాలి.

పాత విల్లీస్ తరహా జీపులున్నవారు ఇంకో సంగతి తెలుసుకోవాలి. వాటిలో చేతి బ్రేకు వెనక చక్రాలను పట్టుకోదు, ట్రాన్స్‌ఫర్ కేసు దగ్గర షాఫ్ట్‌ను పట్టుకుంటుంది. వెనక ఒక చక్రం నేల వదిలిందంటే డిఫరెన్షియల్ గుండా ఆ చక్రం స్వేచ్ఛగా తిరుగుతుంది, నేల మీదున్న రెండోది దొర్లిపోవచ్చు. చేతి బ్రేకు లాగినట్టే ఉంటుంది, బండి మాత్రం కదులుతుంది. కాబట్టి నేల మీదున్న చక్రాలకు ముందూ వెనకా కట్టెలు అడ్డం పెట్టడం ఏ బండికైనా తప్పనిసరి, ఈ జీపులకు ప్రాణావసరం.

పాతది తీయడం: నాలుగు దారులు

ఆర్మ్ చేతికొచ్చాక పాత బుష్ తీయడానికి నాలుగు పద్ధతులు వాడుకలో ఉన్నాయి.

మొదటిది కాల్చడం. గ్యాస్ మంట పెట్టి రబ్బరు కరిగించి గొట్టం కొట్టేయడం. త్వరగా అయిపోతుందని చాలాచోట్ల చేస్తారు. ఆ నల్లటి పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు. రబ్బరు బదులు పాలీయురెథేన్ వాడిన బుష్ అయితే ఆ పొగలో సయనైడ్ వాయువు కూడా ఉంటుంది. వేడికి ఆర్మ్ రంగూ పోతుంది, అల్యూమినియం ఆర్మ్ అయితే బలమే పోతుంది. ఇంట్లో, పిల్లలున్న చోట, ఈ పద్ధతి మాట ఎత్తకూడదు.

రెండోది రంపం. రబ్బరు చుట్టూ డ్రిల్లు వేసి లోపలి గొట్టం లాగేసి, బయటి గొట్టాన్ని లోపలి నుంచి రంపం బ్లేడుతో నిలువుగా కోసి, ఉలితో లోపలికి మడిచి తీయడం. నెమ్మది పని గానీ నమ్మకమైనది. ఒక్కటే జాగ్రత్త, బ్లేడు గొట్టం దాటి ఆర్మ్ కన్నాన్ని గీరకూడదు. ఆ గీత రేపటి పగులుకు విత్తనం.

మూడోది మర కడ్డీ. పొడవాటి గట్టి ఉక్కు మర కడ్డీ, ఒక పక్క బుష్‌ను నెట్టే సైజు సాకెట్, రెండో పక్క బుష్ వచ్చి పడే పెద్ద గొట్టం, రెండు నట్లు. పానాతో బిగిస్తుంటే బుష్ జరుగుతూ వస్తుంది. పాన్‌హార్డ్ రాడ్, పై ఆర్మ్ బుష్షులకు ఇది సరిపోతుంది. తుప్పు పట్టి బిగుసుకున్న కింది ఆర్మ్ బుష్ దగ్గర మరలే కోసుకుపోతాయి.

నాలుగోది హైడ్రాలిక్ ప్రెస్. గాజువాక ఆటోనగర్‌లో ప్రెస్ ఉన్న చోటికి ఆర్మ్‌లు సంచిలో వేసుకెళ్తే టన్నుల బలంతో నిమిషాల్లో నొక్కేస్తారు. ఇంట్లో రెండు రోజులు సుత్తితో తంటాలు పడి ఆర్మ్ వంచుకోవడం కంటే ఇది ఎంతో నయం. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. బట్ట మనం కొని దర్జీకి ఇచ్చినట్టే.

కొత్తది: రబ్బరా, పాలీనా, నైలానా?

బుష్ ఏ పదార్థంతో వేయాలన్నది అన్నిటికంటే వేడిగా సాగే వాదం. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం కనిపెట్టిన పాలీయురెథేన్ ఇప్పుడు రంగురంగుల బుష్షులుగా వస్తోంది. అది రబ్బరు కంటే గట్టిది, నూనెకు లొంగదు, ఆర్మ్ కదలికను బిగువుగా పట్టి ఉంచుతుంది. ప్రెస్ లేకుండా చేత్తో వేసుకోవచ్చు కూడా. ఇవన్నీ నిజమైన గుణాలే.

అయితే అది సాధారణంగా ఉక్కుకు అతికి ఉండదు, మెలిపడదు, గొట్టం మీద జారుతూ తిరుగుతుంది. కాబట్టి సిలికాన్ గ్రీజు కావాలి. మన్యం ఎర్రమట్టి, ఇసుక ఆ సందులో చేరితే గ్రీజు కాస్తా సానరాయి అవుతుంది. చప్పుడు మొదలవుతుంది, గొట్టం అరుగుతుంది. రోడ్డు కుదుపు కూడా నేరుగా ఛాసిస్‌కు అందుతుంది. ఇంకో లోతైన అభ్యంతరం జిమ్నీ లాంటి గట్టి యాక్సిల్ బండ్ల విషయంలో ఉంది. ఒక చక్రం రాయెక్కి రెండోది గోతిలో దిగినప్పుడు యాక్సిల్ వాలాలి. ఆ వాలు ముందు పక్క ఆర్మ్‌ల బుష్షులు నలిగి దారి ఇస్తేనే సాధ్యం. అక్కడ బిగువు పెంచితే చక్రం నేల వదులుతుంది, భారమంతా బ్రాకెట్ల వెల్డింగు మీద పడుతుంది. ఏ పని కోసం ఫోర్ బై ఫోర్ కొన్నామో ఆ పనికే అది అడ్డం. స్టెబిలైజర్ బార్ బుష్షులకు, షాకిల్‌కు పాలీ పెట్టుకోవచ్చు. ఆర్మ్‌లకు కంపెనీ రబ్బరే మేలని నా అభిప్రాయం.

కొందరు పాత జీపులకు లేత్ మీద నైలాన్ బుష్షులు తిప్పించి వేస్తారు. బుష్ దొరకని బండికి అది ఆపద్ధర్మం. నైలాన్‌కు రబ్బరులా సాగే గుణం లేదు. అది అరగకపోతే షాకిల్ పిన్నూ, ఛాసిస్ కన్నూ అరుగుతాయి. చవకైన ముక్కను కాపాడి ఖరీదైనదాన్ని అరగదీసుకోవడం అది.

బుష్ ఒక్కటే మార్చాలా, ఆర్మ్ మొత్తమా? కొన్ని బండ్లకు బుష్ విడిగా అమ్మరు. విడిగా దొరికినా, బాల్ జాయింట్ కూడా వదులైతే, ఆర్మ్ కన్నం అరిగితే, ఆర్మ్ మొత్తం కొనడమే లాభం. కన్నం వదులైందని లోపల పంచ్ గుంటలు కొట్టి బిగువు చేయడం, చుట్టూ వెల్డింగు చుక్కలు పెట్టడం చూస్తుంటాం. ఘాట్ మలుపులో చక్రాన్ని పట్టి ఉంచే ముక్క అది. అక్కడ అలాంటి సర్దుబాట్లు పనికిరావు.

కొత్త బుష్ ఎక్కించేటప్పుడు బయటి ఉక్కు గొట్టం అంచు మీదే ఒత్తిడి పడాలి, రబ్బరు మీద గానీ, లోపలి గొట్టం మీద గానీ కాదు. ఖాళీలున్న బుష్ ఏ దిక్కుకు ఉండాలో పాతది తీసే ముందే ఆర్మ్ మీద గీత గీసుకోవాలి. జారడానికి సబ్బు నీళ్లు చాలు. రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టే చిట్కా నిజమే గానీ అతిగా ఆశించకూడదు. 40 మిల్లీమీటర్ల ఉక్కు గొట్టం 32 డిగ్రీల నుంచి మైనస్ 18 డిగ్రీలకు చల్లబడితే వ్యాసం తగ్గేది మిల్లీమీటరులో నలభయ్యో వంతు. కొంత సాయమే, అద్భుతం కాదు.

బరువు మీద బిగింపు

ఇప్పుడు అసలు మాట. కొన్నేళ్ల కిందట ఒక గ్యారేజీలో నా బండి కింది ఆర్మ్ బుష్షులు మార్పించాను. ఏడాది తిరక్కుండానే రబ్బరు చిరిగింది. నకిలీ సరుకు అనుకున్నాను. రెండోసారి ఆర్మ్‌లు విప్పి, ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గర ప్రెస్ చేయించి అక్కడే అమర్చుకుంటున్నాను. బండి ఇంకా స్టాండుల మీదే ఉంది, చక్రాలు గాల్లో వేలాడుతున్నాయి. పానాకు పైపు తగిలించి బిగించబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఇప్పుడే బిగించేత్తే ఎలా బాబూ? ముందు బండిని నేల మీద నిలబెట్టండి.”

“ఎప్పుడు బిగించినా ఒకటే కదా మేస్త్రిగారూ?”

“ఒకటి కాదు బాబూ. ఇలా బిగిత్తే రబ్బరు ఇలాగే పట్టేసుకుంటాది. బండి దించగానే మెలిపడిపోద్ది. రాత్రీపగలూ మెలిపడే ఉంటాది, ఎన్నాళ్లు బతుకుతాది?”

అక్కడున్న పాత బుష్ తీసి చూపించాడు. చిరుగు చుట్టూరా లేదు, ఒకే వైపు ఏటవాలుగా ఉంది. సరుకు మంచిదే, బిగించిన సమయం చెడ్డది.

లెక్క చూద్దాం. చక్రం వేలాడుతున్నప్పటి ఆర్మ్ కోణానికీ, బండి నేల మీద నిలిచినప్పటి కోణానికీ 15 డిగ్రీల తేడా ఉందనుకోండి. వేలాడుతుండగా బిగిస్తే, బండి ఇంటి ముందు ఊరికే నిలబడినా రబ్బరు 15 డిగ్రీలు మెలిపడే ఉంటుంది. రాయెక్కి చక్రం ఇంకో 15 డిగ్రీలు పైకి లేస్తే మొత్తం 30. అదే నిలబడిన ఎత్తులో బిగిస్తే, నిలబడినప్పుడు మెలిక సున్నా, పైకి 15, కిందికి 15. రబ్బరు ఒకటే, బోల్టు ఒకటే, ఆయువు మాత్రం వేరు.

చేసే విధానం కష్టమేమీ కాదు. బండి ఎత్తకముందే, సమతలం మీద, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోండి. ఆర్మ్‌లు అమర్చి, బోల్టులు చేతి బిగువుతో వదలండి. ఆ తర్వాత చక్రాలు వేసి బండిని నేలకు దించి, నాలుగడుగులు ముందుకూ వెనక్కూ జరిపి, అప్పుడు పూర్తి టార్క్ ఇవ్వండి. కింద చెయ్యి దూరకపోతే, కింది ఆర్మ్ కింద జాకీ పెట్టి, రాసుకున్న కొలత వచ్చేదాకా ఎత్తి బిగించండి. ఎత్తేటప్పుడు బండి స్టాండు మీద నుంచి లేవకుండా చూసుకోండి. టార్క్ అంకె మీ బండి సర్వీస్ మాన్యువల్‌లోదే వాడాలి. పెద్ద బండ్ల ఆర్మ్ బోల్టులకు అది తరచు 100 న్యూటన్ మీటర్లు దాటుతుంది. అంటే మీటరు పొడవు కడ్డీ చివర పది కిలోల బరువు వేలాడదీసినంత. అందాజుతో అయ్యే పని కాదు, టార్క్ రెంచి ఉండాలి.

పాలీ బుష్షులు జారుతూ తిరుగుతాయి కాబట్టి వాటికి ఈ నియమం అంత కఠినం కాదు. రబ్బరుకు మాత్రం ఇది మినహాయింపు లేని నియమం.

ఆ తర్వాత

ఆర్మ్‌లు విప్పి బిగించాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. టార్షన్ బార్ బండికి ముందు ఎత్తు సరిచేసి, ఆ తర్వాత అలైన్‌మెంట్ చేయించాలి. మొదటి రోజే అరకు ఎక్కవద్దు. ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా బ్రేకు వేసి చూసి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక బోల్టుల బిగువు మళ్లీ పరీక్షించాలి. కంపెనీ కొలతల బుష్ వేయడం మరమ్మతే. బండి ఎత్తు పెంచే కిట్లు అలా కాదు. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు తేడా వచ్చేలా బండి మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. వారంటీ ఉన్న బండి అయితే ముందు కంపెనీ దగ్గరికే వెళ్లాలి.

మొత్తం మీద తీర్పు ఇదీ. షాకిల్, పాన్‌హార్డ్ రాడ్, స్టెబిలైజర్ బార్ బుష్షులు ఇంట్లో మొదలుపెట్టేవారివి. పై ఆర్మ్ కాస్త చెయ్యి తిరిగినవారిది. కింది ఆర్మ్ విప్పడం, అమర్చడం అనుభవమున్నవారిది, నొక్కడం ప్రెస్‌ది. టార్షన్ బార్, కాయిల్ స్ప్రింగ్ కంప్రెసర్ పనులు పక్కన నేర్పరి ఉంటేనే.

మీరు సొంతంగా చేసుకున్నా, డబ్బిచ్చి చేయించుకున్నా, ఒక్క పని మాత్రం మరవకండి. ఆఖరి బోల్టు బిగించేవేళ బండి పక్కనే నిలబడి, చక్రాలు నేల మీద ఉన్నాయో లేదో మీ కళ్లతో చూసుకోండి. గాల్లో ఉంటే చెయ్యి అడ్డం పెట్టండి. నాకు ఆ పెద్దాయన పెట్టినట్టు.